ములుగు బస్సుకు మూడు కొమ్ములు

పెద్దసారు పోయి నెల కావస్తోంది. మొన్న వాళ్ళింట్లో మాసికం పెట్టారు. మోకాళ్ళ నొప్పితో నేను పోలేకపోయాను. ఆ రోజంతా ఇంట్లో కూర్చుని ఆయన్నే తలుచుకున్నాను. టీటీసీ పాసై, కొత్తగా పెండ్లయి, ఆర్డరు కాయితం చేతిలో పట్టుకుని నేను మొదట చేరిన బడికి ఆయన హెడ్మాస్టరు. ఊరంతా పెద్దసారు అనే పిలిచేది. ఐదు తరగతులకు కలిపి ఆయనా నేనూ ఇద్దరమే టీచర్లం. పిల్లలకు చదవడం ఎట్లా వస్తుందో నాకు తెలిసింది ఆయన పక్కన పనిచేసిన ఆ కొన్నేళ్ళలోనే. ఆయన ఇవేవీ ఎక్కడా రాసిపెట్టలేదు. నాకు గుర్తున్నంత వరకైనా రాయాలని కూర్చున్నాను.

ఊరు హన్మకొండ నుంచి ములుగు పోయే తొవ్వలో, గూడెప్పాడ్ క్రాస్ రాకముందే ఉంటుంది. బడి రోడ్డు పక్కనే. గూనపెంకల కప్పు, ముందు వరండా, వెనక యాపచెట్టు. కాజీపేట నుంచి ఎవరో తెచ్చిచ్చిన రైలుపట్టా ముక్క మా గంట. దాన్ని కొడితే చెరువుకట్ట దాకా వినబడేది. ఒకటి, రెండు తరగతులు వరండాలో, మిగతా మూడూ లోపల. వాన పడితే అందరం లోపలే. కప్పు కారే చోట్లు పిల్లలకు బాగా తెలుసు. ఎవరూ చెప్పకుండానే ఆ జాగా వదిలి కూర్చునేవాళ్ళు.

సోమవారం పొద్దున పలకలకు నలుపు పట్టించే పని ఉండేది. పిల్లలు కంచెల మీది దొండాకు కోసుకొచ్చేవాళ్ళు, ఇంటి పొయ్యిలోంచి బొగ్గు తెచ్చేవాళ్ళు. రెండూ కలిపి రాయి మీద నూరి, పలకకు పూసి ఎండలో వరసగా ఆనించి పెట్టేవాళ్ళు. ఆ పచ్చి ఆకు వాసన మధ్యాహ్నం దాకా చేతులకు ఉండేది. అప్పుడన్నీ మార్కాపురం రాతిపలకలే. కిందపడితే పగిలేవి. పగిలిన ముక్కను పారేసిన పిల్లలను నేను చూడలేదు. అరచేతంత ముక్క మీద కూడా అక్షరాలు చిన్నగా చేసుకుని రాసేవాళ్ళు. తర్వాత రేకు పలకలొచ్చాయి, ఆ తర్వాత ప్లాస్టిక్‌వి. వాటికి దొండాకుతో పని లేదు.

నేను చేరిన మొదటి వారం రెండో తరగతికి తెలుగు వాచకం చెప్పాను. ఒక పిలగాడు లేచి పాఠమంతా గడగడా చదివాడు. నాకు చాలా సంతోషమైంది. వరండాలోంచి పెద్దసారు చూస్తున్నారు. "టీచరమ్మా, పేజీ చూడు" అన్నారు. పిలగాడు పేజీ తిప్పడం మరిచి, తర్వాతి పేజీలో ఉన్నదంతా చదివేశాడు. వాడికి పాఠం నోటికొచ్చు. అక్షరం రాదు. ఆ తరగతిలో సగం మంది అంతే. పొద్దున ఒకరు చెప్పడం, అందరూ వల్లె వేయడం. "క కు గుడిస్తే కి, గుడిదీర్ఘమిస్తే కీ" అని గుణింతం కూడా పాటలాగే వచ్చేది. ఆ పాటలో నుంచి ఒక్క "కీ"ని విడిగా తీసి బోర్డు మీద రాస్తే ఎవరూ పలికేవాళ్ళు కాదు. మొదట్నుంచీ ఎత్తుకుని అక్కడికి రావాల్సిందే.

దీనికి పెద్దసారు దగ్గర ఒక వస్తువు ఉండేది. పాత లగ్నపత్రిక అట్టకు బ్లేడుతో ఒక్క మాట పట్టేంత సందు కోసి పెట్టుకున్నారు. కిటికీ అనేవారు దాన్ని. పుస్తకం మీద పెడితే ఆ ఒక్క మాటే కనబడుతుంది. వెనకా ముందూ ఏముందో తెలియదు కాబట్టి నోటికొచ్చింది అప్పజెప్పడం కుదరదు. మిగతా పిల్లలు రాసుకుంటున్నప్పుడు ఒక్కొక్కరినీ తన కుర్చీ పక్కకు పిలిచి, చిన్న గొంతుతో చదివించేవారు. నలుగురిలో నిలబెట్టి ఎన్నడూ అడగలేదు. పిల్ల తప్పు పలికితే కొట్టేది లేదు, తిట్టేది లేదు. కిటికీని పక్కకు జరిపి, ఆ పిల్లకు వచ్చిన మాట మీద పెట్టి, అది చదివించి పంపేవారు. అదే ముఖ్యమని నేను ఇప్పటికీ అనుకుంటాను. రాని మాటతో వెనక్కి పోయిన పిల్ల రెండోసారి పిలిస్తే రాదు.

2005 నుంచి అసర్ సర్వే వాళ్ళు ఊళ్ళల్లో ఇండ్లకు పోయి, ఐదో తరగతి పిల్లల చేతికి కూడా రెండో తరగతి స్థాయి కథ ఇచ్చి చదివిస్తున్నారు. చాలామంది చదవలేకపోతున్నారని పేపర్లలో వచ్చినప్పుడల్లా అందరూ ఆశ్చర్యపోతారు. పెద్దసారు కిటికీ చూసినవాళ్ళకు అందులో ఆశ్చర్యం ఏమీ ఉండదు.

ఇక బస్సుల సంగతి. ఇది చెప్పాలనే అసలు మొదలుపెట్టాను.

మా ఊరి మీదుగా ఇటు పరకాల, భూపాలపల్లి బస్సులు పోయేవి. అటు ములుగు, మంగపేట, ఏటూరునాగారం బస్సులు. గూడెప్పాడ్ దాకా అన్నిటిదీ ఒకటే తొవ్వ. అప్పటి ఎర్రబస్సులకు ముందు అద్దం కింద రేకు బోర్డు ఉండేది. పసుపు రంగు మీద నల్లటి పెద్ద తెలుగు అక్షరాలు. తిరుగు ప్రయాణంలో కండక్టరు ఆ రేకు తీసి ఇంకోటి పెట్టేవాడు. చదువురాని ఆడవాళ్ళు బస్సు దగ్గరపడగానే "ఎటు పోతది అయ్యా" అని అరిచేది. ఒక్కోసారి పరకాల పోవాల్సిన ముసలామె ములుగు బస్సెక్కి, గూడెప్పాడ్‌లో దిగి ఏడ్చిన రోజులున్నాయి.

పెద్దసారు ఒకటో తరగతి పిల్లలను వరండా గట్టు మీద రోడ్డు వైపు మొహం పెట్టి కూర్చోబెట్టేవారు. బస్సు వచ్చే వేళలు ఆయనకు తెలుసు. మొదటి పాఠం పరకాల. నాలుగు అక్షరాలు, ఒకటే దీర్ఘం. తలకట్లు వచ్చిన పిల్లలకు "కా" ఒక్కటి చెబితే సరిపోతుంది. బస్సు ఊళ్ళోకి మలుపు తిరగగానే పిల్లలు లేచి నిలబడి "ప... ర... కా... ల" అని అరిచేవాళ్ళు. డ్రైవర్లకు కూడా అలవాటైపోయింది. కొందరు బడి దగ్గర కొంచెం మెల్లగా పోనిచ్చేవాళ్ళు.

రెండోది ములుగు. మూడక్షరాలకూ మూడు కొమ్ములు. కొమ్ము నేర్పడానికి ఇంతకంటే మంచి మాట ఏ వాచకంలోనూ నాకు దొరకలేదు. మూడుసార్లు ఒకే గుర్తు, మూడుసార్లు ఒకే చప్పుడు. పిల్లల చెవికి, కంటికి ఒకేసారి అందుతుంది. మంగపేటతో సున్నా, ఏత్వం వచ్చేవి. ఏటూరునాగారం కొంచెం ముదిరిన పిల్లలకు. అది పూర్తిగా చదివేలోపు బస్సు దాటిపోయేది. అందుకని సగం సగం పంచుకుని ఒకరు "ఏటూరు", ఇంకొకరు "నాగారం" అనేవాళ్ళు. భూపాలపల్లిలో ఒత్తు ఉంది కాబట్టి రెండో తరగతికి. అన్నిటికంటే కష్టం తిరిగొచ్చే బస్సు మీద ఉండే హన్మకొండ. న కింద మ ఒత్తు చాలామందికి ఏడాది పట్టేది. 2021లో జిల్లా పేరు హనుమకొండ అని మారాక ఆ కష్టం ఇప్పటి పిల్లలకు తప్పింది.

రెండేళ్ళకోసారి మాఘమాసంలో మేడారం జాతర. ఆ పది రోజులు మా రోడ్డంతా బండ్లు, బస్సులు. ఎక్కడెక్కడి డిపోల నుంచో బస్సులు తెచ్చి తిప్పేవాళ్ళు. అన్నిటి మీదా మేడారం అనే మాట ఒకటే. అంతకుముందు దాకా నోరు విప్పని పిల్లలు కూడా ఆ పది రోజుల్లో ఆ మాట చదవడం నేర్చుకునేవాళ్ళు. ఎన్ని వందల సార్లు కళ్ళముందు పోయేదో! జాతర అయిపోయాక పెద్దసారు ఆ ఒక్క మాటనే విడగొట్టి మే, డా, రం అని మూడు అట్టముక్కల మీద రాసి, వాటి నుంచి రండా, మేరం, డామే అంటూ అర్థం లేని మాటలు కూర్చి చదివించేవారు. అర్థం లేని మాట చదివితే అక్షరం వచ్చినట్టే లెక్క అనేవారు. పిల్లలు పడీపడీ నవ్వుకుంటూ చదివేవాళ్ళు.

ఆపరేషన్ బ్లాక్ బోర్డు కింద సామాను వచ్చిన రోజు గుర్తుంది. అది కేంద్రం 1987లో మొదలుపెట్టిన పథకం. మా బడికి వచ్చేసరికి కొంత ఆలస్యమే అయింది. గ్లోబు, పటాలు, లెక్కలు చెప్పే సామాను, ఒక అట్టపెట్టె నిండా బొమ్మల కథల పుస్తకాలు. చుట్టుపక్కల చాలా బళ్ళల్లో ఆ పుస్తకాలు పెట్టెలోనే ఉండిపోయాయి. స్టాకు రిజిస్టరులో ఎక్కిన వస్తువు పోతే జీతంలో కోత పడుతుందని టీచర్ల భయం. అది ఉత్త భయం కూడా కాదు. నేను కూడా సార్‌ను అదే అడిగాను. "పిల్లలు చింపితే నా జీతంల పట్టుకొమ్మను బిడ్డా" అన్నారు. ఆ సాయంత్రమే యాపచెట్టు కింద చాప పరిచి పుస్తకాలన్నీ పోశారు. చదవడం రాని పిల్లలు బొమ్మలు చూసి కథ వాళ్ళే చెప్పుకున్నారు. నాలుగో తరగతి పిల్ల ఒకతి తమ్ముణ్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చూపుడువేలు అక్షరాల మీద జరుపుకుంటూ చదివి వినిపించింది. ఆ ఏడాది చివరికి పుస్తకాలు నలిగాయి, కొన్నిటికి అట్టలు ఊడాయి. మైదా ఉడకబెట్టి అతికించుకున్నాం. జీతంలో కోత ఎవరూ వేయలేదు.

దసరా దాటితే బడి పలచబడేది. బతుకమ్మ పండుగకు గునుగు, తంగేడు కోసే పిల్లలు అటునుంచి అటే పత్తి చేన్లకు పోయేవాళ్ళు. సంక్రాంతి తర్వాత మిర్చి. ఒక ఆడపిల్ల పొద్దంతా మిర్పకాయలేరి, సాయంత్రం బడి విడిచే వేళకు వచ్చి మెట్ల మీద కూర్చునేది. చేతులు మండుతుంటే కుండలో నీళ్ళు పోసి ఇచ్చేదాన్ని. ఒక చెయ్యి నీళ్ళలో పెట్టుకుని, ఇంకో చేతి వేలితో అక్షరాల వెంట పోయేది. మరిచిపోయి ఆ వేలితోనే కన్ను తుడుచుకుంటే ఇక ఆ రోజు చదువు అంతే. తర్వాత హాజరు ఉంటే నెలకు మూడు కిలోల బియ్యం ఇచ్చారు, 2003 నుంచి బడిలోనే అన్నం వండి పెట్టడం మొదలైంది. ఆ రెండూ బడికి పిల్లలను నిలిపాయి. చదువు గురించి మాట్లాడేవాళ్ళు అన్నం సంగతి పక్కన పెడితే నాకు నచ్చదు.

మా ఊళ్ళో పద్మశాలీల ఇండ్లు చాలా ఉండేవి. మగ్గాలు నడవక మగవాళ్ళు భివండి, సూరత్ పోయారు. నెలకో రెండు నెలలకో కార్డు వచ్చేది. 15 పైసల పోస్టుకార్డు. అది పట్టుకుని ఆడవాళ్ళు బడికి వచ్చి వరండా చివర నిలబడేవాళ్ళు. నేను చదివి చెప్పాలి. అందులో అప్పుల సంగతులుంటాయి, అత్తా కోడళ్ళ సంగతులుంటాయి, పంపిన పైసలు ఎవరికెంత ఇవ్వాలో ఉంటుంది. నేను చదువుతుంటే ఆమె తల వంచుకుని వినేది. పరాయి మనిషి నోటి నుంచి భర్త మాటలు వినడం ఎంత కష్టమో ఆ మొహాలు చూస్తే తెలిసేది.

అట్లా వచ్చే ఒకామె బిడ్డ మా మూడో తరగతిలోనే ఉంది. వాచకం చక్కగా చదువుతుంది, కిటికీ పెట్టినా చదువుతుంది. ఒకరోజు పెద్దసారు కార్డు ఆ పిల్ల చేతికిచ్చారు. పిల్ల ఒక్క అక్షరం కూడా చదవలేకపోయింది. అచ్చు అక్షరాలు వేరు, చేతిరాత వేరు. వాళ్ళ నాయన మాటకూ మాటకూ మధ్య సందు ఇవ్వకుండా, కార్డు నిండేదాకా గొలుసుగా రాశాడు. తలకట్టు ఎక్కడుందో, దీర్ఘం ఎక్కడుందో తెలియదు. అప్పటి నుంచి సార్ ఊళ్ళో పాత కార్డులు అడిగి తెప్పించారు. ఇచ్చినవాళ్ళ అనుమతితో, సొంత సంగతులు లేనివి ఏరి, వారానికోరోజు చేతిరాత చదివించేవాళ్ళం. అన్ని కార్డులూ ఒకే తీరుగా మొదలవుతాయి. "నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇచ్చట మేమంతా క్షేమం, అచ్చట మీరు క్షేమమని తలుస్తాను." ఆ వాక్యం పట్టుబడితే ఆ మనిషి "మ" ఎట్లా రాస్తాడో, "క్ష" ఎట్లా రాస్తాడో తెలుస్తుంది. మిగతా కార్డంతా దాన్ని పట్టుకుని విప్పుకోవచ్చు. ఈ ఉపాయం ఏ ట్రైనింగులోనూ నేను వినలేదు.

ఎండాకాలం సెలవులకు ముందు ఆ పిల్ల తల్లికి కార్డు వచ్చింది. ఆమె ఎప్పటిలాగే వచ్చి నిలబడితే, పిల్ల వెళ్ళి కార్డు తీసుకుని, తల్లిని యాపచెట్టు వెనక్కి తీసుకుపోయింది. ఏం చదివిందో మాకు వినబడలేదు. తర్వాత ఆమె మా దగ్గరికి వచ్చి, "ఇగ మీకు తకలీఫు ఇయ్య టీచరమ్మా" అన్నది. మా ఉద్యోగంలో నాకు దొరికిన పెద్ద మెచ్చుకోలు అదే. ఆ తర్వాత ఆమె కార్డు పట్టుకుని బడికి రాలేదు.

ట్రాన్స్‌ఫర్ మీద నేను నర్సంపేట వైపు పోయాను. అక్కడ పిల్లల్లో సగానికి పైగా తండా పిల్లలు. ఒకటో తరగతిలో ఒక లంబాడా పిల్ల, వానాకాలమంతా ఒక్క మాట మాట్లాడలేదు. మొద్దు అనుకున్నారు అందరూ. నాకు పెద్దసారు బస్సు బోర్డులు గుర్తొచ్చాయి. ఆ పిల్లకు ముందే తెలిసిన మాట ఏది? వాళ్ళమ్మ బడికి వచ్చినప్పుడు అడిగి రాసుకున్నాను. మరునాడు బోర్డు మీద "యాడి" అని రాసి చదివాను. అమ్మను వాళ్ళు యాడి అంటారు. ఆ పిల్ల తలెత్తింది. కింద "పాణి", "బాటి" రాశాను. నీళ్ళు, రొట్టె. నేను బాటి పలికిన తీరుకు ఆ పిల్ల నవ్వి, సరిచేసి చెప్పింది. అదే మొదటి మాట. దీర్ఘం, గుడి ఆ మూడు మాటల్లోనే వచ్చేశాయి. తర్వాత తెలుగు మాటలకు రావడానికి పెద్దగా కాలం పట్టలేదు. ఇంట్లో లేని భాషలో అక్షరాలు, అర్థం రెండూ ఒకేసారి నేర్చుకొమ్మని ఆరేళ్ళ పిల్ల మీద వేయడం అన్యాయం. ఇప్పుడు సర్కారు బళ్ళల్లో ఇంగ్లీషు మీడియం వచ్చాక ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలనిపిస్తుంది. ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు ఇస్తున్నారు. మంచిదే. కానీ మొదట తెలిసిన మాట మీద అక్షరం నిలబడాలి, ఆ తర్వాతే ఏ భాషైనా.

1996లో డీపెప్, అంటే జిల్లా ప్రాథమిక విద్యా పథకం, వచ్చినప్పుడు మా వరంగల్ జిల్లా మొదటి విడతలోనే ఉంది. టీచరుకు ఏడాదికి 500 రూపాయలు సామగ్రి కోసం ఇచ్చేవాళ్ళు. చార్టులు, స్కెచ్ పెన్నులు కొని రాత్రుళ్ళు కూర్చుని రంగురంగులుగా రాసేవాళ్ళం. ఎక్కువ చార్టులు గోడకు ఎత్తున ఉండేవి, పిల్లల చెయ్యి తగలకుండా. తాకని అక్షరం పిల్లలకు రాదు. నావి మాత్రం వాళ్ళ నడుము ఎత్తులో కట్టేదాన్ని. నెలకే మాసిపోయేవి, మళ్ళీ రాసేదాన్ని.

మా పక్కింటమ్మాయి పరకాల వైపు ప్రైమరీ స్కూల్లో పనిచేస్తుంది. ప్రైమరీ పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని 2022లో సర్కారు తెచ్చిన తొలిమెట్టు శిక్షణలో కిటికీ కార్డులాంటి పనులు చాలా చెప్పారట. సంతోషమైంది. మొన్న సాయంత్రం వచ్చి, రెండో తరగతి పిల్లలు ఒత్తుల దగ్గర ఆగిపోతున్నారని, టెన్షన్‌గా ఉందని చెప్పింది. బస్సు బోర్డులు చదివించుదామంటే ఇప్పుడవి లైట్ల బోర్డులు, అక్షరాలు పరిగెత్తుతుంటాయి, ఆరేళ్ళ పిల్ల కన్ను పట్టుకోలేదు.

పెద్దసారు చేసిన ఇంకో పని చెప్పాను. ఒత్తులకు ఆయన వాచకం తెరిచేవారు కాదు, హాజరు రిజిస్టరు తెరిచేవారు. అందులో తండ్రి పేరు గడి ఉంటుంది. మల్లయ్య, సాంబయ్య, రాజయ్య, కొమురయ్య. ఇంట్లో అమ్మ, అయ్య, అక్క, అన్న, అవ్వ. ఊళ్ళో సమ్మక్క, లచ్చమ్మ, ఎల్లమ్మ. మ, య, న, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలిక ఉండదు, అందుకే పిల్లలు వాటి దగ్గరే తప్పుతారు. సరిగ్గా ఆ ఒత్తులే మన ఇండ్లల్లో వాళ్ళ పేర్ల నిండా ఉన్నాయి. ముందు ఇవి, ఇవి వచ్చాక నర్సయ్య, లక్ష్మి. నాయన పేరు తప్పు చదివే పిల్ల ఉండదు, పక్కవాడు తప్పు చదివితే ఊరుకునే పిల్లా ఉండదు.

ఇప్పుడు హాజరంతా ఫోన్లోనే ఉందని, పేర్లు ఇంగ్లీషులో ఎక్కించి ఉన్నాయని ఆ అమ్మాయి అన్నది. అయితే పిల్లలనే అడిగి తెలుగులో రాసుకొమ్మన్నాను. వచ్చే వారం ఆమె బండి మీద నేనూ వాళ్ళ బడికి పోతున్నాను. తాతల, నాయనమ్మల పేర్లు కూడా అడిగి ఉంచమని చెప్పాను. పాత పేర్లలో ఒత్తులు ఇంకా ఎక్కువ.